ఆయా ‘ఇంటి మనిషి’ కాదు, కార్మికురాలు

పని గంటలు, వారపు సెలవు, చేతికి జీతపు చీటీ, వయసు మళ్లిన తరువాత బ్రతుకుదెరువు - ఈ నాలుగూ కార్మికోద్యమానికి ఓనమాలు. రైల్వేలలోనూ, తపాలా శాఖలోనూ ఈ ఓనమాలు దిద్దడానికి మన ముందు తరాల వారు జైళ్లకు వెళ్లారు, ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అయినా ఈ ఓనమాలు నేటికీ చేరని పనిచోటు ఒకటి మన దేశంలో ప్రతి నగరంలోనూ ఉన్నది. అది సంపన్నుల ఇళ్లలో పసిబిడ్డ నిద్రించే గది. అక్కడ పనిచేసే కార్మికురాలిని లోకం ఆయా అంటున్నది.

రైళ్లు నడిపేవారి, ఉత్తరాలు పంచేవారి పత్రికలో ఆయాల ప్రస్తావన ఎందుకని కొందరు సభ్యులు అడగవచ్చును. మా సమాధానం సూటిగా చెబుతాము. ‘నీవు అసలు ఉద్యోగివే కావు’ అనే మాట ఎంత చేదుగా ఉంటుందో మన రెండు శాఖలకూ తెలుసు. గ్రామాలలో టపా మోసిన ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ ఏజెంట్లు ప్రభుత్వ పదవులలో ఉన్నవారు కారని తపాలా శాఖ వాదించింది. 1977లో రాజమ్మ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను త్రోసిపుచ్చవలసి వచ్చింది. రైల్వే ప్రాజెక్టులలో ఏండ్ల తరబడి మట్టి మోసిన క్యాజువల్ కార్మికులకు తాత్కాలిక హోదా దక్కడానికి 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసు తీర్పు దాకా ఆగవలసి వచ్చింది. గ్రామీణ డాక్ సేవకుల పోరాటం నేటికీ ముగియలేదు. పేరు దక్కనిదే హక్కు దక్కదని ఈ చరిత్ర మనకు నేర్పింది. ఆయాల విషయంలో మేము చెప్పదలచినది కూడా అదే.

మొదట ఆమె చేసే పని ఏమిటో చూద్దాము. తెల్లవారుజామున పాలసీసాలను మరిగే నీళ్లలో వేయడంతో ఆమె దినచర్య మొదలవుతుంది. ఒంటికి నూనె రాచి లాలపోయడం, ఉగ్గు పెట్టడం, మారాం చేస్తే ఎత్తుకొని తిప్పడం, విప్పిన బట్టలు ఉతకడం, సాయంకాలం పార్కుకు తీసుకుపోవడం, కాస్త పెరిగిన బిడ్డను బడి బస్సు ఎక్కించి మళ్లీ దింపుకోవడం - ఇవన్నీ పైకి కనిపించే పనులు. కనిపించని పని మరొకటి ఉన్నది. రాత్రి బిడ్డ మంచం ప్రక్కన నేలమీద చాప పరచుకొని, చెవి ఒగ్గి పడుకోవడం. బిడ్డ దగ్గినా, ఉలిక్కిపడినా మొదట లేచేది ఆమె. యజమానురాలి లెక్కలో ఆ సమయమంతా ఆయా ‘నిద్రపోతున్న’ సమయమే.

ఈ లెక్క మన రైల్వే సభ్యులకు కొత్తది కాదు. 1947 నాటి రాజాధ్యక్ష అవార్డు పని స్వభావాన్ని బట్టి రైల్వే ఉద్యోగులను తరగతులుగా విభజించింది. అందులో ‘ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్’ అనేది ఒకటి. రెండు రైళ్ల నడుమ చేతులు ఖాళీగా ఉన్నవి కనుక ఆ తరగతిలో చేరిన గేటుమన్ ఎక్కువ గంటలు డ్యూటీలో ఉండవచ్చుననేది దాని వెనుక ఉన్న తర్కం. గేటు వద్ద కనిపెట్టుకొని ఉండడం కూడా పనేనని, ఆ మనిషి తన కాలానికి తాను యజమాని కాడని మన సంఘాలు దశాబ్దాలుగా వాదించాయి. ఇంజను ఎక్కి దిగేవరకు గడిచే కాలమంతా డ్యూటీయేనని లోకో రన్నింగ్ సిబ్బంది 1973 ఆగస్టులో సమ్మె చేసి పది గంటల పరిమితి హామీ పొందారు. 1974 మే 8న మొదలైన సార్వత్రిక రైల్వే సమ్మె కోర్కెలలో పని గంటల కోర్కె ముఖ్యమైనది. బిడ్డ ప్రక్కన చెవి ఒగ్గి పడుకున్న ఆయా కూడా గేటుమన్ వంటిదే. ఆమెకు రోస్టరు లేదు, రిలీవరు లేడు. అదొక్కటే తేడా.

ఈ పనిని పని అని ఒప్పుకోకుండా ఉండడానికి మన సమాజం ఒక తీయని మాట కనిపెట్టింది. ‘ఆమె మాకు పనిమనిషి కాదండీ, ఇంటి మనిషి’ అనేదే ఆ మాట. అనేవారందరూ కపటంతో అంటారని మేము అనము. కొందరు నిజమైన ఆప్యాయతతోనే అంటారు. కాని మాటను కొలవడానికి ఆప్యాయత చాలదు. ఇంటి మనిషి అందరితో పాటు బల్ల వద్ద కూర్చుని అన్నం తింటుంది. ఆయా అలా తింటున్నదా? ఇంటి మనిషికి జబ్బు చేస్తే ఇల్లంతా కదులుతుంది. ఆయాకు జబ్బు చేస్తే ఆ రోజుల జీతం నిలుస్తున్నదా, లేదా? ఇంటి మనిషి తన తల్లిని చూడడానికి వెళ్లిరావడం ఒకరు దయతో ఇచ్చే వరం కాదు. ఆయాకు ఆ వరం ఏడాదికి ఎన్నిసార్లు దక్కుతున్నది? ఇంటి మనిషికి ముసలితనంలో ఆ ఇంట ఒక మూల చోటు ఉంటుంది. ఆయాకు ఉన్నదా? ఈ నాలుగు ప్రశ్నలకూ ‘అవును’ అనగలిగిన ఇంటివారు ఆమెను ఇంటి మనిషి అనవచ్చును. అనలేనివారు ఆమెను కార్మికురాలు అని, ఆ పేరుకు తగిన హక్కులు ఇవ్వాలి.

‘ఇంటి మనిషి’ అనే మాట ఎంతవరకు నిలుస్తుందో చరిత్ర చెప్పింది. తెల్లదొరల కాలంలో మన దేశపు ఆయాలు దొరసానుల పిల్లలను ఎత్తుకొని ఓడలలో ఇంగ్లండు వరకు ప్రయాణించేవారు. ఓడ దిగిన తరువాత పని తీరిపోయిందని, తిరుగు టిక్కెట్టు కూడా ఇవ్వక వదిలివేసిన సందర్భాలు ఎన్నో. దిక్కులేని ఆయాల కోసం లండన్‌లో ‘ఆయాల వసతిగృహం’ అనేదే వెలసింది. 1900లో అది హాక్నీ ప్రాంతానికి మారింది. ఆ ఇంటి గోడకు 2022లో స్మారక ఫలకం అమర్చారు. సముద్రం మీద ఇంటి మనిషి అయిన స్త్రీ రేవులో దిగగానే పరాయిది కాగలదని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం వేరే అక్కరలేదు. మన రైళ్లలోనూ ఆనాడు మొదటి తరగతి పెట్టెలను ఆనుకొని సేవకులకు ఇరుకైన వేరు గది ఉండేది. బిడ్డ ఏడిస్తే ఆయా కావాలి, బిడ్డ నిద్రపోతే ఆమె వేరు గదికి పోవాలి. పెట్టెలోని ఆ గది పోయింది, మనసులోని గది పోలేదు. 2017 జూన్‌లో ఢిల్లీలోని ఒక పెద్ద క్లబ్బులో అతిథిగా పిలువబడిన మేఘాలయ స్త్రీని, ఒక కుటుంబంలో బిడ్డ సంరక్షకురాలిగా ఉన్నామెను, ఆమె కట్టిన సంప్రదాయ దుస్తులు పనిమనిషి దుస్తుల వలె ఉన్నవని భోజనశాల నుండి లేచిపొమ్మన్నారు. దేశమంతా ఆ దుస్తుల అవమానం గురించి మాట్లాడింది. న్యాయమే. అయితే ఆమె నిజంగా పనిమనిషి దుస్తులలోనే ఉండి ఉంటే ఆ భోజనశాలలో కూర్చోకూడదా అనే ప్రశ్న అడిగినవారు బహు కొద్దిమంది.

మన శాఖలోని ఒక పాత పద్ధతిని కూడా ఇక్కడ గుర్తు చేయాలి. ‘టెలిఫోన్ అటెండెంట్ కమ్ డాక్ ఖలాసీ’ అనే పొడుగాటి పేరుతో, ‘బంగళా ప్యూను’ అనే వాడుక పేరుతో రైల్వే అధికారుల ఇళ్లలో పనిచేసిన సోదరులను మనము ఎరుగుదుము. పేరులో టెలిఫోనూ, డాకూ ఉన్నా, చేసిన పనిలో అధికారి పిల్లలను బడికి దింపడం, ఆడించడం కూడా ఉండేవి. దొరల కాలపు ఆ పద్ధతికి స్వస్తి చెబుతూ కొత్త నియామకాలను ఆపవలసిందిగా 2020 ఆగస్టులో రైల్వే బోర్డు ఉత్తర్వులు ఇచ్చింది. ఆ పద్ధతి పోవలసినదే. అయినా ఒక్క సంగతి గమనించండి. ఎంత చెడ్డ పద్ధతి అయినా బంగళా ప్యూను పేరు జీతాల పట్టీలో ఉండేది. కొంతకాలానికి అతడు రైల్వే ఉద్యోగి కాగలిగేవాడు. ధనవంతుని ఇంటి ఆయా పేరు ఏ పట్టీలోనూ లేదు.

ఆయా పనిలో మరే పనిలోనూ లేని ఒక క్రూరత్వం దాగి ఉన్నది. ఫిట్టరు పని బాగా చేస్తే ఇంజను నడుస్తుంది, ఫిట్టరు ఉద్యోగం నిలుస్తుంది. సార్టరు పని బాగా చేస్తే టపా వేళకు చేరుతుంది, సార్టరు ఉద్యోగం నిలుస్తుంది. ఆయా పని బాగా చేస్తే బిడ్డ ఎదుగుతుంది, ఆయా ఉద్యోగం పోతుంది. బిడ్డ నడక నేర్చిన నాడు ఆమె అవసరం కొంత తగ్గుతుంది. పూర్తిగా బడికి అలవాటుపడిన నాడు ‘ఇక నీతో పని లేదు’ అంటారు. రిట్రెంచిమెంటు పరిహారం లేదు, నోటీసు లేదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ఇళ్ల గడపలు దాటలేదు. ఐదారేండ్లు గుండెకు హత్తుకొని పెంచిన బిడ్డను మళ్లీ చూసే వీలు కూడా ఉండదు. ఇంతలో ఊరిలో ఆమె సొంత బిడ్డ అమ్మమ్మ చేతిలోనో, పెద్దక్క చేతిలోనో పెరుగుతుంటాడు. మన మహిళా ఉద్యోగులకు 180 రోజుల ప్రసూతి సెలవు ఉన్నది, పిల్లల సంరక్షణకు 730 రోజుల సెలవు 2008 నుండి ఉన్నది. వీటిని ఎవరూ దానంగా ఇవ్వలేదు. ఇతరుల బిడ్డలను పెంచడమే వృత్తిగా గల స్త్రీకి తన బిడ్డను కన్నప్పుడు ఒక్క రోజు జీతపు సెలవు హక్కుగా లేదు.

చట్టం ఏమి చేస్తున్నది? 1959 నుండి పార్లమెంటులో ఇంటిపని వారి కోసం ప్రైవేటు బిల్లులు వస్తూనే ఉన్నాయి. ఒక్కటీ చట్టం కాలేదు. 2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని కార్మికుల కోసం 189వ ఒడంబడికను ఆమోదించింది. భారత ప్రభుత్వం దానికి అనుకూలంగా ఓటు వేసింది, నేటికీ ధ్రువీకరించలేదు. వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని, గుర్తింపు పత్రాలు కార్మికురాలి చేతిలోనే ఉండాలని ఆ ఒడంబడిక చెబుతున్నది. పిలుపు కోసం కనిపెట్టుకొని ఉండే కాలాన్ని, ఆయా దేశాల చట్టాలు నిర్ణయించే మేరకు, పని కాలంగా పరిగణించాలని కూడా చెబుతున్నది. మన గేటుమన్ వాదమే అంతర్జాతీయ పత్రంలోకి ఎక్కిందన్నమాట.

2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టంలోనూ, పనిచోట లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టంలోనూ ఇంటిపని వారికి చోటు దొరికింది. ఇది మంచి మాట. కర్నాటక 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటిపనిని కనీస వేతనాల షెడ్యూలులో చేర్చాయి. కాని ఫ్యాక్టరీ గేటు తట్టే లేబరు ఇన్‌స్పెక్టరు ధనవంతుని గేటు తట్టడు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ‘పరిశ్రమ’ నిర్వచనం నుండి ఇంటి సేవను తొలగించి ఉంచింది. అంతకు ముందు అదే సంవత్సరం జనవరిలో సుప్రీంకోర్టు, ఇంటిపని వారి కోసం ప్రత్యేక చట్టం అవసరాన్ని పరిశీలించడానికి కమిటీ వేయవలసిందిగా కేంద్రాన్ని ఆదేశించింది. ఆదేశం వేరు, చట్టం వేరు. మధ్యలో ఉండవలసిన ఒత్తిడి ఉద్యమానిది.

పొరుగు దేశాలు చేయగలిగినది మనము చేయలేమా? పాకిస్తాన్‌లోని పంజాబు రాష్ట్రం 2019లో ఇంటిపని కార్మికుల చట్టం చేసింది. నియామక పత్రం తప్పనిసరి అన్నది, 15 ఏండ్ల లోపు పిల్లలను పనికి పెట్టకూడదన్నది. ఫిలిప్పీన్స్ 2013లో చేసిన చట్టం మరింత ముందుకు పోయి, మన ‘ఆయా’ వంటి ‘యాయా’ అనే వాడుక మాటనే నిర్వచనంలో వ్రాసి, ఆమె కార్మికురాలేనని ప్రకటించింది. కడప, ఉభయ గోదావరి జిల్లాల నుండి మన తెలుగు ఆడపడుచులు ఎందరో ఇంటిపనికి పోయే కువైట్ సైతం 2015లో 68వ నంబరు చట్టం తెచ్చింది. వారపు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతపు సెలవు, పని ముగిసినప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున పరిహారం అందులో ఉన్నవి. అక్కడి అమలులో లోపాలు లేవని మేము అనము. తిరిగివచ్చిన స్త్రీల గోడు వింటే చాలు. అయినా అక్కడ చూపడానికి ఒక చట్టమైనా ఉన్నది. అదే స్త్రీ హైదరాబాదులోనో, ఢిల్లీలోనో ఒక పెద్ద ఇంట పనికి కుదిరితే చూపడానికి ఆ మాత్రం కాగితం కూడా లేదు.

2024 జూన్‌లో జెనీవా కోర్టు ఒకటి, భారత సంతతికి చెందిన అత్యంత సంపన్న కుటుంబంలోని నలుగురికి, భారతదేశం నుండి తెచ్చుకున్న ఇంటిపని వారిని దోచుకున్న నేరానికి జైలు శిక్షలు విధించింది. మనుషుల అక్రమ రవాణా అభియోగాన్ని కోర్టు అంగీకరించలేదు. శిక్షలపై ఆ కుటుంబం అప్పీలుకు వెళ్లింది. అక్కడ విచారణకు వచ్చిన విషయాలు - పాస్‌పోర్టులు దాచడం, జీతం రూపాయలలో స్వదేశంలో వేయడం, అంతులేని పని గంటలు. ఆ ఇల్లు మన దేశంలోనే ఉండి ఉంటే వీటిలో ఎన్ని నేరాలుగా కోర్టు గడప ఎక్కేవని పాఠకులు ఆలోచించాలి.

ఇక ‘బిడ్డను ఎత్తుకోవడానికి తెచ్చుకున్న బిడ్డ’ల సంగతి. 14 ఏండ్ల లోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడాన్ని ప్రభుత్వం 2006 అక్టోబరు 10 నుండి నిషేధించింది. అయినా పండ్రెండేండ్ల పిల్లలు చంకలో పసివాళ్లతో అపార్టుమెంట్ల మెట్ల మీద కనిపిస్తూనే ఉన్నారు. అడిగితే ‘మా దూరపు చుట్టాల పిల్ల, చదివిస్తున్నాము’ అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘ఇంటి మనిషి’ అనే మాటకు ఇది మరింత నీచమైన రూపం.

ఇంతవరకు ధనవంతుల మాట. ఇప్పుడు కఠినమైన మాట ఒకటి. మన సభ్యులలో, ముఖ్యంగా భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో, ఆయాను పెట్టుకున్నవారు ఉన్నారు. ఆర్.ఎం.ఎస్.లో రాత్రి సార్టింగుకు పోయే సోదరి, బుకింగ్ కౌంటరు వద్ద తెల్లవారు షిఫ్టులో కూర్చునే సోదరి ఆయా లేనిదే ఇల్లు కదలలేరు. ‘ధనవంతుడు ఇవ్వగలడు, మా జీతంలో న్యాయమైన కూలి ఎలా ఇవ్వగలము?’ అని వారు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయడం తగదు. ఒక కార్మికురాలి జీతం మరొక కార్మికురాలి జీతంలోనుండే రావలసివచ్చినప్పుడు ఇద్దరికీ న్యాయం చేయడం కష్టమే. కాని దానికి పరిష్కారం రెండవ ఆమె కూలిని కోయడం కాదు. బిడ్డల సంరక్షణ ఖర్చును ఇద్దరు ఆడవాళ్ల నడుమ తగవుగా వదిలివేసిన యాజమాన్యాన్నీ, ప్రభుత్వాన్నీ నిలదీయడమే పరిష్కారం. 50 మంది, అంతకు పైబడి పనిచేసే సంస్థలలో శిశు సంరక్షణాలయం ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. ఆ సూత్రాన్ని ప్రతి రైల్వే కాలనీకీ, ప్రతి పెద్ద తపాలా కార్యాలయానికీ వర్తింపజేయాలి. రాత్రి షిఫ్టులలో కూడా అవి తెరచి ఉండాలి. అందులో పనిచేసే ఆయాలు వేతన స్కేలుపై ఉద్యోగులుగా నియమింపబడాలి. అప్పుడు తల్లికీ, ఆయాకూ నడుమ ఉన్న వైరుధ్యం తీరి, ఇద్దరూ ఒకే సంఘంలో సభ్యులు కాగలుగుతారు.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. ఆయాను పెట్టుకున్న ప్రతి సభ్యుని ఇంటా వారపు సెలవు, ముందుగా మాట్లాడి కాగితం మీద వ్రాసుకున్న జీతం, జబ్బు రోజులకు కోత లేకపోవడం, పని మాన్పించేటప్పుడు ఒక నెల నోటీసు - ఇవి నేటి నుండే అమలు కావచ్చును. ధనవంతుల వైపు వేలు చూపే హక్కు అప్పుడే మనకు బలంగా ఉంటుంది. మన శాఖలు చేయగలిగినవి మరికొన్ని ఉన్నవి. తలుపు తలుపుకూ పోయే తపాలా సోదరులు, ఆయాలు తమ పేరనే పోస్టాఫీసు సేవింగ్సు ఖాతా తెరవడానికి, 2021లో మొదలైన ఇ-శ్రమ్ జాబితాలో పేరు నమోదు చేయించుకోవడానికి దారి చూపగలరు. రైళ్లలో టిక్కెట్లు తనిఖీ చేసే సోదరులు, ఎవరో ఏజెంటు వెంట బిక్కుబిక్కుమంటూ పోతున్న ఆడపిల్లలను చూసినప్పుడు 139కి గాని, పిల్లల సహాయ నంబరు 1098కి గాని ఒక్క ఫోను చేయగలరు. స్టేషన్లలో పిల్లలను కాపాడే పని రైల్వే రక్షక దళం 2018 నుండి ‘నన్హే ఫరిష్తే’ పేరుతో చేపట్టింది. దానికి కళ్లూ, చెవులూ మనమే కావాలి.

కేంద్ర ప్రభుత్వం ముందు మన కోర్కెలు స్పష్టంగా ఉండాలి. 189వ ఒడంబడికను ధ్రువీకరించాలి. దేశమంతటికీ వర్తించే ఇంటిపని కార్మికుల చట్టం తేవాలి. అందులో ఆయా పనికి ప్రత్యేక అధ్యాయం ఉండాలి. రాత్రి కావలి కాలాన్ని పని కాలంగా లెక్కించాలి. బిడ్డ ఎదిగి ఆయా పని ముగిసినప్పుడు సేవాకాలాన్ని బట్టి పరిహారం ఇవ్వాలి. నియామక పత్రం లేకుండా ఆయాను పెట్టుకోవడం శిక్షార్హం కావాలి. ప్రతి డివిజను శాఖ, ప్రతి పోస్టల్ శాఖ తమ సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానాలు చర్చించి పంపవలసిందిగా కోరుతున్నాము. మన నగరాలలో ఉన్న ఇంటిపని వారి సంఘాలకు మన ఆఫీసు గదులలో ఆదివారం పూట చోటు ఇవ్వడం కూడా చిన్న పని కాదు. ఆ ఆదివారం సెలవు వారికి దక్కేటట్లు చేయడం మొదటి పని.

బిడ్డను పెంచడం కన్న గొప్ప పని లేదని ధనవంతులు సభలలో చెబుతారు. ఆ పని తమ ఇంట చేస్తున్న స్త్రీకి రోజుకు ఎన్ని గంటల పని, వారానికి ఎన్నవ రోజు సెలవు అని అడిగితే మాత్రం జవాబు చెప్పలేరు. ఆ జవాబు చెప్పక తప్పని రోజు తేవడం కార్మికోద్యమం బాధ్యత.